కోడ్ మార్చమని అర్జీ వద్దు, కోడ్ అందరికీ తెలిసేలా చేద్దాం



పోయిన ఆదివారం సమావేశంలో ఒక అర్జీ కాగితం చేతులు మారింది, గుర్తుండే ఉంటుంది. రాజమండ్రి పేరు రాజమహేంద్రవరం అయి ఇన్నేళ్ళయినా విమానాశ్రయం కోడ్ ఇంకా ‘ఆర్‌జేఏ’ గానే ఉంది, అది తెల్లవాళ్ళ నోట్లో నలిగిన పేరుకి గుర్తు, దాన్ని వెంటనే ‘ఆర్‌ఎంవీ’ అని మార్చాలి, ఇదీ ఆ అర్జీ సారాంశం. కుర్రాళ్ళు ఉత్సాహంగా రాశారు, అక్షరం కూడా బాగుంది. నలభై సంతకాలు పడ్డాయి. మా వంతు వచ్చేసరికి మేము పెన్ను తీయలేదు.

“ఏంటి బాబాయ్ గారూ, రైల్వేలో అంతకాలం చేసినోరు, మీరే సంతకం పెట్టకపోతే ఎలాగండీ?” అని ఓ అబ్బాయి అడిగాడు. సభలో వాదన పెట్టుకోవడం మాకు చేతకాదు. ఇంటికెళ్ళి రాసి పెడతాం అన్నాము. ఇదిగో, రాస్తున్నాము. కాస్త పొడుగే, టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక మాట. ఈ మధ్య మన గ్రూపులో ఒక మెసేజీ తిరిగింది. చెన్నై విమానాశ్రయం కోడ్ ‘ఎంఏఏ’ కదా, అంటే ‘మా’, అంటే అమ్మ, తమిళులు తల్లి పేరు పెట్టుకున్నారు, మనం మాత్రం మేలుకోలేదు అని. దానికి పద్దెనిమిది దండాలు కూడా పడ్డాయి. అమ్మ మీద గౌరవం మంచిదే గానీ, ఆ మూడు అక్షరాల్లో అమ్మ లేదు. ఉన్నది మద్రాసు. పైగా తమిళంలో అమ్మని ‘మా’ అనరు. అక్కడి బళ్ళో చదువుకున్నవాళ్ళం కాబట్టి ఈ ఒక్క సంగతీ గట్టిగా చెప్పగలం. ఊరి పేరు 1996లో చెన్నై అయింది, కోడ్ మాత్రం మద్రాసు దగ్గరే ఉండిపోయింది. అర్జీ మీద సంతకం పెట్టే ముందు, అసలు ఈ అక్షరాలు ఎవరు ఇస్తారు, ఎందుకు ఇస్తారు, ఎందుకు మార్చరు అన్నది తెలుసుకుంటే నష్టం లేదు కదా.

ఈ మూడక్షరాల కోడ్‌లు ఇచ్చేది మన ప్రభుత్వం కాదు. ఐయాటా అని పిలిచే అంతర్జాతీయ విమాన రవాణా సంఘం. అది 1945లో హవానాలో పుట్టింది, ప్రధాన కార్యాలయం కెనడాలోని మాంట్రియల్‌లో ఉంది. అది కూడా మన సంఘం లాంటిదే, కాకపోతే అందులో సభ్యులు విమాన కంపెనీలు. టికెట్ మీద, బోర్డింగ్ పాస్ మీద, పెట్టెకి కట్టే చీటీ మీద కనపడేవి వీళ్ళిచ్చిన కోడ్‌లే. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు, మూడేసి చొప్పున కలిపితే మొత్తం 17,576 కలయికలు వస్తాయి. ప్రపంచమంతటికీ అంతే. ఒకటి ఇంకోదానితో కలవకూడదు. అందుకే ప్రతి ఊరికీ అది కోరుకున్న అక్షరాలు దొరకవు. మన హైదరాబాదు ‘హెచ్‌వైడీ’ తీసేసుకుంది, పాకిస్తాన్‌లో ఉన్న ఇంకో హైదరాబాదు ‘హెచ్‌డీడీ’ తో సర్దుకుంది. మదురైకి ‘ఐఎక్స్‌ఎం’, మంగళూరికి ‘ఐఎక్స్‌ఈ’. వాటిలో ఊరి పేరు ఎక్కడుందో మీరే వెతుక్కోండి.

ఇవి కాక పైలట్లు, కంట్రోల్ టవర్ వాళ్ళు వాడే నాలుగక్షరాల కోడ్‌లు వేరే ఉన్నాయి. వాటిని ఇచ్చేది ఐకావో అనే ఇంకో సంస్థ. దక్షిణ భారతంలో అవి ‘వీఓ’ తో మొదలవుతాయి. రాజమండ్రిది ‘వీఓఆర్‌వై’. విజయవాడది ఏమిటో తెలుసా? ‘వీఓబీజెడ్’. చివరి రెండక్షరాలూ చూడండి. బెజవాడ! మూడక్షరాల కోడ్ ‘వీజీఏ’ విజయవాడని చూపిస్తుంటే, నాలుగక్షరాల కోడ్ ఇప్పటికీ బెజవాడ అంటూనే ఉంది. ఒకే గన్నవరం రన్‌వేకి రెండు పేర్లు. విమానాలు మాత్రం ఏ తికమకా లేకుండా దిగుతున్నాయి.

రైల్వేలో పనిచేసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. బెజవాడ జంక్షన్ ‘బీజెడ్ఏ’. ఏలూరు ‘ఈఈ’, అంటే ఎల్లోర్. మన కాకినాడ టౌన్ ‘సీసీటీ’, అంటే కోకనాడ టౌన్. కాకినాడ పోర్టు ‘సీఓఏ’. చెన్నై సెంట్రల్ స్టేషన్ పేరు ఎన్నిసార్లు మారినా కోడ్ ‘ఎంఏఎస్’. ఇక కడప స్టేషన్ ‘హెచ్‌ఎక్స్’. అందులో కడపా లేదు, కడపని పాతకాలంలో ఇంగ్లీషులో రాసిన పేరూ లేదు. అయినా నిన్న రాత్రి కూడా ఆ కోడ్ మీద టికెట్లు తెగాయి, జనం కడపలోనే దిగారు.

ఈ స్టేషన్ కోడ్‌లు తంతి రోజుల నాటివి. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య మోర్సులో కబురు కొట్టాలంటే ఊరి పేరు మొత్తం కొట్టే తీరిక ఎవరికుంటుంది? రెండో మూడో అక్షరాలు కొట్టి ఊరుకునేవాళ్ళు. అక్షరం ఒకటి తగ్గితే చేతికి అంత శ్రమ తగ్గినట్టు. విమానాల కోడ్‌లకి కూడా మూలం అలాంటి అవసరమే. అమెరికాలో 1930ల నాటికి వాతావరణ శాఖ ఊళ్ళకి రెండక్షరాల గుర్తులు వాడుతుంటే పైలట్లు వాటినే పట్టుకున్నారు. ఊళ్ళు పెరిగి రెండక్షరాలు చాలక మూడయ్యాయి. లాస్ ఏంజెలెస్ ‘ఎల్ఏ’ కి చివర ‘ఎక్స్’ తగిలించి ‘ఎల్ఏఎక్స్’ చేశారు. ఆ ఎక్స్‌కి అర్థం ఏమీ లేదు, ఖాళీ పూడ్చడానికి పెట్టిందే.

మన పిల్లలు చాలామంది కెనడాలో ఉన్నారు కాబట్టి టొరంటో సంగతి చెప్పాలి. అక్కడి కోడ్ ‘వైవైజెడ్’. టొరంటోకీ ఆ అక్షరాలకీ ఏం సంబంధం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ విమానాశ్రయం ఉన్న చోట మాల్టన్ అనే రైల్వే స్టేషన్ ఉండేది. దాని తంతి గుర్తు ‘వైజెడ్’. ముందు కెనడా వాళ్ళ ‘వై’ చేరి ‘వైవైజెడ్’ అయింది. ఇది చదివిన రోజు మాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. అంత పెద్ద విమానాశ్రయం నెత్తి మీద ఒక చిన్న స్టేషన్‌లో కూర్చున్న తంతి గుమాస్తా గుర్తు ఉంది!

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఊరి పేరు మారితే కోడ్ ఎందుకు మార్చరు?

బొంబాయి 1995లో ముంబై అయింది, కోడ్ ‘బీఓఎం’. కలకత్తా 2001లో కోల్‌కతా అయింది, కోడ్ ‘సీసీయూ’. కోళికోడ్‌కి ‘సీసీజే’, అది కాలికట్ నాటిది. రష్యాలో లెనిన్‌గ్రాడ్ పేరు 1991లో మళ్ళీ సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది, కోడ్ ‘ఎల్ఈడీ’. వియత్నాంలో సైగాన్ 1976లో హోచిమిన్ నగరం అయింది, కోడ్ ‘ఎస్‌జీఎన్’. యుద్ధం గెలిచి పేరు మార్చిన ప్రభుత్వం కూడా ఆ మూడక్షరాల జోలికి పోలేదు. ఐయాటా వాళ్ళ 763వ నంబరు తీర్మానం ప్రకారం ఒకసారి ఇచ్చిన కోడ్ శాశ్వతం. విమాన భద్రతకి సంబంధించిన గట్టి కారణం ఉంటే తప్ప మార్చరు. ఊరి గౌరవం గట్టి కారణమే గానీ, వాళ్ళ లెక్కలో అది భద్రత కిందకి రాదు.

అలాగని కోడ్ నేలకి అతుక్కుని ఉంటుందా అంటే అదీ లేదు. 2008 మార్చి 23న హైదరాబాదు విమానాలన్నీ బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి. ‘హెచ్‌వైడీ’ కూడా వాటితోపాటే మూటాముల్లే సర్దుకుని శంషాబాద్ వెళ్ళింది. అంతకాలం మోసిన బేగంపేటకి ‘బీపీఎం’ అని కొత్త కోడ్ ఇచ్చారు. అంటే ఏమన్నమాట? కోడ్ ఊరి పేరు కోసమో, నేల కోసమో పుట్టింది కాదు. ప్రయాణం చేసే మనిషి కోసం, అతని పెట్టె కోసం పుట్టింది. ‘హైదరాబాదు వెళ్ళాలి’ అన్నవాడు ఎక్కడ దిగాలో అక్కడ ఉంటుంది.

మన యానాం వాళ్ళకి ఈ పాత కోడ్‌లలో ఇంకో విషయం కూడా కనపడాలి. కోరంగి మనకి ఎంత దూరం? సైకిల్ మీద వెళ్ళి రావచ్చు. ఆ రేవు మీదుగా, కాకినాడ మీదుగా మన వైపు జనం వేలకి వేలు ఓడలెక్కి బర్మా వెళ్ళారు. అక్కడ తెలుగువాడంటే ‘కోరంగీ’ అనే పేరు పడిపోయింది. వాళ్ళు దిగింది రంగూన్‌లో. 1989లో ఆ ఊరు యాంగాన్ అయింది. కోడ్ ‘ఆర్‌జీఎన్’. మన అమ్మమ్మలు ‘రంగం వెళ్ళాడు’ అని చెప్పుకునే ఆ ఊరి పేరు ఇవాళ ప్రపంచంలో ఎక్కడ మిగిలిందయ్యా అంటే పెట్టెకి కట్టే ఆ చీటీ మీద మిగిలింది. అలాగే ఫ్రెంచి వాళ్ళ కాలంలో మన రేవు నుంచి కూలీలు వెళ్ళిన రీయూనియన్ దీవి కోడ్ ‘ఆర్‌యూఎన్’. ఫ్రెంచి ఇండియా వాళ్ళు గుమాస్తాలుగా, సిపాయిలుగా వెళ్ళిన సైగాన్ సంగతి పైన చెప్పాము. పాత పేరు ఉంటే బానిసతనం అని ఒకరంటారు. మాకైతే అది పాత దస్త్రం. దస్త్రం చింపేస్తే జరిగినది జరగకుండా పోదు.

కుర్రాళ్ళు దీనికి ఒక జవాబు చెబుతారు. చెప్పారు కూడా. “మన పేరు మనం రాసుకోకపోతే ఎవరు రాస్తారు బాబాయ్ గారూ? యానాన్ అని రాసిన ఊరిని మీ పెద్దలే కదా యానాం చేసుకున్నారు?” అన్నారు. ఈ మాట కొట్టిపారేసేది కాదు. 1954 జూన్ 13 గురించి, దడాల రఫేల్ రమణయ్య గారి గురించి ఇళ్ళలో విని పెరిగినవాళ్ళం. పేరు విలువ మాకు తెలుసు. మేము తమిళ బళ్ళో చదువుకున్నాము. అక్కడ మా ఊరి పేరు ‘ఏనాం’ అని రాయించారు. ఫ్రెంచి కాగితాల్లో ‘యానాన్’. ఇంటి దగ్గర యానాం. ఒకే ఊరికి మూడు స్పెల్లింగులు. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాము, ఇప్పటికీ ఒత్తు ఎక్కడ పెట్టాలో మా ఆవిడని అడుగుతాము. కాబట్టి సొంత పేరు సొంత లిపిలో చూసుకోవడంలో ఉన్న తృప్తి మాకు ఒకరు నేర్పక్కర్లేదు.

కానీ పేరు వేరు, కోడ్ వేరు. పేరు బోర్డు మీద ఉంటుంది, నోటి మీద ఉంటుంది. పేరు మనది, దాన్ని మార్చుకునే హక్కు మనది. రాజమహేంద్రవరం అని 2015లో మార్చుకున్నాం, సంతోషం. నన్నయ గారు భారతం తెలుగు చేయడం మొదలుపెట్టిన ఊరికి నిండు పేరు ఉండడమే న్యాయం. బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఆ పేరు ఉండాలని అర్జీ రాస్తే మొదటి సంతకం మాదే. కోడ్ మాత్రం గుర్తు. చాకలి బట్ట మీద వేసే గుర్తు లాంటిది. ఆ గుర్తు అందంగా ఉందా అని ఎవరూ చూడరు. మన బట్ట మన ఇంటికి వచ్చిందా అన్నదే చూస్తారు.

ఇంకో సంగతి. ఆ అర్జీ రాసినవాళ్ళు ‘ఆర్‌జేఏ’ ని ఒక్కసారి నిదానంగా చదివారా? ఆర్, జే, ఏ. ‘రాజా’. రాజమహేంద్రవరంలో మొదటి రెండక్షరాలు ఏమిటి? రాజమండ్రి అన్నా ‘రాజ’ నే, రాజమహేంద్రవరం అన్నా ‘రాజ’ నే. రైల్వే స్టేషన్ కోడ్ ‘ఆర్‌జేవై’ మీద కోపం వచ్చిందంటే కొంత అర్థం ఉంది, దాని చివర ‘వై’ ఇంగ్లీషు రాజమండ్రిలోనిది. విమానాశ్రయం కోడ్‌లో ఆ తోక కూడా లేదు. పాత పేరుకీ కొత్త పేరుకీ రెండింటికీ సరిపోయే కోడ్ దేశంలో ఎన్ని ఊళ్ళకి దొరికింది? ముంబైకి దొరకలేదు, చెన్నైకి దొరకలేదు. ఉన్న అదృష్టాన్ని వదులుకోవడానికి మనం అర్జీ రాస్తున్నాం.

ఇక్కడి దాకా తర్కం. ఇప్పుడు మా సంతకం ఆగిపోయిన అసలు కారణం రెండు జరిగిన సంగతుల్లో ఉంది.

ఒకటి మా సొంత తప్పు. ఉద్యోగంలో కొత్త. తమిళనాట ఒక జంక్షన్‌లో పార్శిల్ ఆఫీసులో కూర్చునేవాళ్ళం. కాకినాడలో పెళ్ళికని కుంభకోణం ఇత్తడి దీపపు కుందులు, ఒక పెద్ద కొయ్యపెట్టె బుక్ అయింది. పెట్టె మీద కుంచెతో ‘సీసీటీ’ అని రాయాలి. మేము రాశాము. తొందరలో రాశాము. రెండో ‘సీ’ నిటారుగా పడి ‘ఎల్’ లాగా కనపడింది. ‘సీఎల్‌టీ’ అంటే కాలికట్. పెట్టె తూర్పు సముద్రం వైపు రావలసింది పడమటి సముద్రం వైపు వెళ్ళిపోయింది. తిరిగి కాకినాడ చేరేసరికి పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళిపోయింది. పైఅధికారి ఎక్కువేం తిట్టలేదు. “అక్షరం నీది కాదయ్యా, పెట్టె గలవాడిది” అన్నాడు. రిటైరయ్యే దాకా ఆ మాట మా బల్ల ముందే ఉంది.

రెండోది మన ఊరిలోనే, మనలో ఒకరి ఇంట్లో జరిగింది. ఆ కుటుంబం ఒప్పుకుంటేనే రాస్తున్నాము, పేర్లు లేకుండా. ఇంటి పెద్దాయన ఎండాకాలంలో ఒక రాత్రి కాలం చేశారు. పెద్దకొడుకు చిన్నప్పుడే ఫ్రాన్స్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఆయన వచ్చినప్పుడల్లా చెన్నైలో దిగి రైలెక్కి రావడమే అలవాటు. మధురపూడిలో విమానాలు దిగుతున్నాయన్న సంగతి ఆయన చెవిన పడనే లేదు. కబురు అందగానే టికెట్ తీసింది మనవడు, అక్కడే పుట్టినవాడు. కంప్యూటర్‌లో ‘యానాన్’ అని కొడితే ఏమీ రాలేదు. ‘యానాం’ అని కొట్టినా రాలేదు. తాతగారి చిరునామా తీసి చూశాడు. ‘యానాం, పుదుచ్చేరి’ అని ఉంది. పుదుచ్చేరి అని కొట్టాడు. ‘పీఎన్‌వై’ అని వచ్చింది. హైదరాబాదు దాకా ఒకటి, అక్కడి నుంచి పుదుచ్చేరికి ఒకటి, రెండు టికెట్లూ తీసి తండ్రిని ఎక్కించాడు. ఆ పిల్లవాడి తప్పు ఏమైనా ఉందా? చిరునామాలో ఏం రాసి ఉందో అదే చేశాడు.

తండ్రి పోయిన మనిషి టికెట్ మీద అక్షరాలు చదువుతాడా? పుదుచ్చేరిలో దిగి తమ్ముడికి ఫోన్ చేశాడు. “దిగానురా, ఇంకో గంటలో ఇంట్లో ఉంటానేమో” అన్నాడు. తమ్ముడికి నోట మాట రాలేదు. పుదుచ్చేరికీ యానాంకీ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకి పైనే. కారు మాట్లాడుకుని చెన్నై, అక్కడి నుంచి రాత్రి రైలు, తెల్లారి సామర్లకోట. ఎండలు మండిపోతున్నాయి. పెద్దలు ఇంక ఆగలేమన్నారు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. పెద్దకొడుకు వచ్చేసరికి ఇల్లు కడిగేసి ఉంది.

ఆ రోజు పలకరింపుకి మేమూ వెళ్ళాము. గుమ్మం పక్కన ఆయన పెట్టె ఉంది. పిడికి ‘పీఎన్‌వై’ చీటీ ఇంకా వేలాడుతోంది. పెట్టెలో వాళ్ళ నాన్నగారి కోసం పండక్కి వచ్చినప్పుడు ఇద్దామని ముందే చేయించిన కళ్ళజోడు ఉందట. ఎవరూ ఏమీ అనలేదు. మేము ఆ చీటీ వైపే చూస్తూ కూర్చున్నాము. పెట్టె సరిగ్గా వెళ్ళమన్న చోటికే వెళ్ళింది. చీటీ మీద తప్పు లేదు. తప్పు చీటీ దాకా రాకముందు జరిగింది.

ఇది ఎవరి తప్పు అని వెతకడం మొదలుపెడితే మన ఊరి చరిత్ర మొత్తం తిరగేయాలి. మన బండి నంబరు చూడండి, ‘పీవై 04’, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. మన పిన్ కోడ్ చూడండి, 533464, ముందున్న 533 తూర్పుగోదావరి వైపుది. మన ఫోన్ కోడ్ 0884, అది కాకినాడది. రైల్వే స్టేషన్ లేదు, దగ్గరి పెద్ద స్టేషన్ ‘సీసీటీ’. విమానాశ్రయం లేదు, దగ్గరిది ‘ఆర్‌జేఏ’. బండి పుదుచ్చేరి అంటుంది, ఉత్తరం గోదావరి అంటుంది, ఫోన్ కాకినాడ అంటుంది. ఒక్కో కోడ్ ఒక్కో ఊరు చెబుతుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఇది నవ్వులాట. బయట పుట్టిన మన మనవలకి ఇది వల. ఒక్క చావు కబురు వచ్చిన రాత్రి చాలు అందులో చిక్కుకోవడానికి.

కాబట్టి మా అభిప్రాయం ఇది. మన సంఘం బలం చిన్నది. ఏడాదికి ఒకటో రెండో అర్జీలు పట్టించుకుంటారు. ఆ ఒక్క అర్జీని మాంట్రియల్ వాళ్ళు శాశ్వతం అని తీర్మానించుకున్న మూడక్షరాల మీద ఖర్చు పెట్టవద్దు. రేపు ఎవరైనా వచ్చి కోడ్ మార్చేశారే అనుకుందాం. పాత టికెట్లు, పాత అలవాట్లు, ఊళ్ళో అందరి బుర్రల్లో ఉన్న ‘ఆర్‌జేఏ’ అన్నీ మారేలోపు ఇంకెన్ని పెట్టెలు కాలికట్ వెళతాయో. తెలిసిన కోడ్‌నే మన పిల్లలకి చెప్పలేకపోయాము, కొత్తది చెబుతామా?

దానికి బదులు అర్జీలో ఈ మూడు అడుగుదాం. ఒకటి, యానాం ప్రాంత పరిపాలనాధికారి కార్యాలయం ఇచ్చే కాగితాల్లో, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ‘దగ్గరి విమానాశ్రయం రాజమహేంద్రవరం, ఆర్‌జేఏ; దగ్గరి పెద్ద స్టేషన్ కాకినాడ టౌన్, సీసీటీ’ అని స్పష్టంగా రాయించాలి. ఫ్రెంచిలో కూడా రాస్తే ఇంకా మంచిది, చదవవలసినవాళ్ళు అక్కడ ఉన్నారు. రెండు, యానాం నుంచి మధురపూడికి విమానాల వేళకి అందేలా ఒక బస్సు వేయించాలి. ఇప్పుడు ముసలివాళ్ళు కారు మాట్లాడుకోకపోతే దారి లేదు. మూడు, టికెట్లు అమ్మే కంపెనీలకి ఒక ఉత్తరం రాయాలి. యానాం అని కొట్టినా, యానాన్ అని కొట్టినా, రాజమహేంద్రవరం అని కొట్టినా ‘ఆర్‌జేఏ’ చూపించమని. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే చోటికి దారి చూపిస్తే ఇక గొడవే లేదు.

ఇవి వచ్చేలోపు మనం ఇంట్లో చేసుకోగలిగేది ఒకటుంది. ఒక పోస్టుకార్డు అంత అట్ట ముక్క తీసుకోండి. దాని మీద ఇంటి చిరునామా, పిన్ 533464, విమానం ‘ఆర్‌జేఏ’, రైలు ‘సీసీటీ’, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు రాయండి. కింద పెద్దగా ‘పీఎన్‌వై కాదు’ అని రాయండి. ఫోటో తీసి బయట ఉన్న పిల్లలందరికీ, వాళ్ళ పిల్లలకీ పంపండి. అక్షరాలు విడివిడిగా, నిదానంగా రాయండి. రెండో ‘సీ’ విషయంలో మా అనుభవం గుర్తుంచుకోండి. రాయడం రానివాళ్ళు ఎవరైనా ఉంటే శనివారం సాయంత్రం మా ఇంటికి రండి, మేమే రాసిస్తాం. గుమాస్తా పని మాకింకా మర్చిపోలేదు.

అర్జీ రాసిన కుర్రాళ్ళ మీద మాకు ఏ కోపమూ లేదు. వాళ్ళ చేతి రాత మా దానికన్నా ఎంతో బాగుంది. ఆ కాగితం మీద ఉన్న నలభై సంతకాలూ వృథా కాకూడదనే ఇంత రాశాము. అదే కాగితం, అవే సంతకాలు, పైన రాసిన విషయం ఒక్కటి మార్చండి. నలభై ఒకటో సంతకం మాది.

ఇక సెలవు.